గ్రైండర్ కన్నా ముందు పెన్సిలు

సూర్యాపేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పనిముట్లు తగిలించే చెక్క పలక ఒకటి ఉంది. సుత్తులు, స్పానర్లు, కటింగ్ ప్లయర్లు అన్నీ దాని మీద వరసగా ఉంటాయి. వాటన్నిటికన్నా ముందు, తలుపు తీయగానే చేతికి తగిలేలా, పురికొసకు కట్టిన పెన్సిలు వేలాడుతుంటుంది. పాత బండ్లను బాగుచేసే పని నేర్చుకుందామని వచ్చేవాళ్లు అది కొలతలు రాసుకోవడానికి అనుకుంటారు. కొలతలకు నేను సుద్దముక్క వాడేవాడిని. పెన్సిలు వేరే పనికి. ఆ పనిని ఒక్కపూట వాయిదా వేసి ఒక మనిషి బతుకుతెరువును రోడ్డున పడేసినంత పని చేశాను.

మోకాళ్లు మొరాయించి, బండి కింద పడుకుని లేవడం కష్టమయ్యాక పని మానుకున్నాను. ఈ వృత్తిలోకి రావాలనుకునే వాళ్లకు చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. కానీ నా తప్పు చెప్పకుండా మిగతావి చెబితే వాటిని నమ్మాల్సిన అవసరం మీకు లేదు.

చూసి రాశావా, విని రాశావా

నేను మొదట మెకానిక్‌ను కాను. ఒక దినపత్రికకు సూర్యాపేట విలేకరిని. అప్పట్లో మాకు వార్త అంటే సగం హైవే ప్రమాదాలే. స్కూటర్ మీద వెళ్లడం, బోల్తా పడిన లారీ చుట్టూ తిరగడం, నంబర్ రాసుకోవడం, ఫోన్లో డెస్కుకు చెప్పడం.

ఒకరోజు వాన పడుతోంది. లారీ కాలువలోకి దిగిపోయింది. నేను గట్టు మీదే నిలబడి, కింద ఉన్న కానిస్టేబుల్ అరిచి చెప్పిన నంబర్ రాసుకున్నాను. అందులో ఒక అంకె తప్పు. మర్నాడు పత్రికలో ఆ నంబర్ చూసి నడిగూడెం దగ్గర ఒక ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. ఆ ఇంటి డ్రైవర్ అప్పుడు ఏ ఆపదా లేకుండా విజయవాడలో సరుకు దింపుతున్నాడు. మధ్యాహ్నానికి అతని తమ్ముడు మా ఆఫీసుకు వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. నేను చొక్కా విడిపించుకోలేదు.

ఆ సాయంత్రం డెస్క్ ఇన్‌చార్జి ఫోన్ చేశారు. ఆయన అరవలేదు. ఒక్క ప్రశ్న అడిగారు.

“నువ్వు చూసి రాశావా, విని రాశావా?”

“విని రాశాను సార్.”

“అయితే అది వార్త కాదు. పుకారు.”

ఇరవై నాలుగేళ్ల వయసులో విన్న ఆ మాట నా చెవిలో అట్లాగే ఉండిపోయింది. పత్రిక మానేశాక కూడా నాకు పనికొచ్చిన చదువు అదే.

మిర్యాలగూడ ఉస్తాద్

ప్రమాదాల్లో నుజ్జయిన బండ్లు మళ్లీ రోడ్డెక్కడం చూసి చూసి, రాయడం కన్నా అది మంచి పని అనిపించింది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల బండ్లకు రేకుపని చేసే జానీ ఉస్తాద్ దగ్గర చేరాను. విలేకరి వచ్చి సుత్తి పడతానంటే ఆయన నవ్వాడు.

“అరే సాబ్, కలం తేలిగ్గుంటది. తప్పు రాస్తే రేపు సవరణ ఏస్తరు. గీడ రేకు ఒక్కపారి సాగిందంటే మల్ల లోపలికి తియ్యాలంటే మా తాత లేసి రావాలె.”

ఉస్తాద్ తన జేబులో పాత రేడియో స్పీకర్ అయస్కాంతం గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు. బండి రాగానే పలకరింపు కన్నా ముందు దాన్ని రేకు మీద జరిపేవాడు. ఎక్కడ అతుక్కోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. ఎవరో సొట్ట తీయడానికి బద్ధకించి పుట్టీ మెత్తి రంగు కొట్టారన్నమాట. ఈ వృత్తిలో సగంమంది ఆ పనే చేస్తారని ఇప్పుడు నిర్భయంగా చెప్పగలను. పుట్టీ కాగితమంత మందంలో ఉంటే పని. వేలు మందంలో ఉంటే మోసం.

ఆయన రెండో అలవాటు పెన్సిలు. పాత బండి విప్పబోయే ముందు, ఏ పనిముట్టూ తాకకముందే ఛాసిస్ నంబర్ వెతకాలి. ఛాసిస్ అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. దాని పొడవాటి దూలం మీద ఒకచోట కంపెనీ వాళ్లు అచ్చు కొట్టిన నంబర్ ఉంటుంది. దాని మీద పల్చని కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే నంబర్ తెల్లగా పైకి తేలుతుంది. ఆ కాగితం ఫైల్లో పెట్టాకే స్పానర్ పట్టాలి. ఇంజన్ మార్చొచ్చు, తలుపులు మార్చొచ్చు, రంగు పదిసార్లు మార్చొచ్చు. బండి ఫలానా బండే అని చెప్పేది ఆ నంబర్ ఒక్కటే. అది లేని బండిని రవాణా ఆఫీసు దొంగబండి కింద చూస్తుంది. చూడాలి కూడా.

పాతది కొత్తగా

సూర్యాపేటకు తిరిగొచ్చి ఇంటి వెనకే షెడ్డు వేసుకున్నాను. పాత జీపులు, జీపు పికప్‌లు నా పని. జీపు పికప్ అంటే ముందు జీపు మొహం, వెనక సరుకు వేసుకునే ఇనుప తొట్టి. ఇవాళ చాలామందికి దాన్ని నిగనిగలాడించి పెళ్లి ఊరేగింపులకు తిప్పాలని ఉంటుంది. తప్పులేదు. కానీ వచ్చినవాడు ఏమడిగితే అది చేసేస్తే మీరు పనివాళ్లు అవుతారు, మేస్త్రులు కారు.

కోదాడ నుంచి ఒక లెక్చరర్ వచ్చి తన పికప్‌కు ట్రాక్టర్ టైర్లంత పెద్దవి కావాలన్నాడు. మలుపు తిప్పితే టైరు రేకుకు రాసుకుంటుందని చెప్పాను. “చూడ్డానికి బాగుంటుందండీ” అన్నాడు. వేసిచ్చాను. నెల తిరక్కుండా ఎడమ టైరు చీలి, బండి వరిపొలంలో దిగింది. దెబ్బలు తగల్లేదు కాబట్టి ఆయన నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అది చెడుతుందని తెలిసీ చేశాను. ఆ రోజు నుంచి ‘కాదు’ అనడం కూడా పనిలో భాగమని నమ్ముతున్నాను.

బాలు పికప్

బాలు నాయక్‌ది చివ్వెంల అవతల తండా. నలభై ఏళ్లుంటాయి. మిర్యాలగూడలో మిల్లు లారీ నడిపేవాడు. అతని తండ్రి ఒకప్పుడు ఒక మిల్లు యజమాని దగ్గర కొన్న జీపు పికప్ కొట్టంలో మూలుగుతోంది. నాట్లకు పోయే ఆడవాళ్లు, పెళ్లికి పోయే చుట్టాలు, పురుడు కోసం దవాఖానకు పోయే గర్భిణులు, తండాకు తండా ఒకప్పుడు ఆ తొట్టిలోనే తిరిగారు.

బాలు భార్య మంగ్లీ జొన్నరొట్టె చేస్తే తిన్నవాడు రెండోది అడుగుతాడు. పికప్‌ను రొట్టెల బండిగా మార్చి హైవే పక్కన నిలపాలని వాళ్ల ఆలోచన. ఒక పెట్రోల్ బంకు యజమాని తన స్థలంలో జాగా ఇస్తానన్నాడు, కానీ దసరాకల్లా బండి వచ్చి నిలబడాలి. లేకపోతే ఇంకొకరికి. ఆ మాట నమ్ముకుని బాలు లారీ ఉద్యోగం వదిలేశాడు. బండి రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది. నేను బాగుచేసి ఇస్తే, దాన్ని రవాణా ఆఫీసు బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాలి.

బండిని ట్రాక్టర్ వెనక కట్టి తెచ్చారు. నా భార్య సరోజ బయటికొచ్చి చూసింది.

“గిది బండా, కోళ్లగూడా?”

“రెండూ వదినా,” అన్నాడు బాలు. “నిన్నటిదాంక సీటు కింద కోడి పొదిగింది.”

పని నాకు నచ్చింది. తొట్టి కుడి పక్క రేకును కిందికి మడిస్తే రొట్టెలు పెట్టే బల్ల అయ్యేలా, పైన ఎండకు చిన్న రేకు చూరు వచ్చేలా, పొయ్యి దగ్గర వేడి తగలకుండా రెండు పొరల రేకు వేసేలా సుద్దతో నేల మీద గీశాను. మంగ్లీ వచ్చి ఆ గీతల మధ్య నిలబడి చేతులాడించి చూసింది. “గీడ జర ఎత్తు తక్కువ చెయ్యి అన్నా, రొట్టె కొట్టంగ భుజం గుంజుతది” అంది. తగ్గించాను. నా కొలతలన్నిట్లో సరైన కొలత అదే.

ఇక ఛాసిస్. ఆ రకం బండ్లలో నంబర్ కుడి దూలం మీద, ముందు స్ప్రింగు పట్టీల కొక్కెం దగ్గర ఉంటుంది. నేను చూసిన వాటన్నిట్లో అక్కడే ఉంది. ఈ బండికి అడుగంతా తారు పూసి ఉంది. కుడివైపు ఆ చోట కిరోసిన్‌లో తడిపిన గుడ్డ పెట్టి, దాని మీద టేపు అంటించి, రేపు తారు మెత్తబడ్డాక పెన్సిల్ ప్రింటు తీద్దామనుకున్నాను. ఈలోపు ఖాళీగా ఉండటమెందుకని ఎడమ దూలం మీద ఇనుము అరగదీసే గ్రైండర్ పట్టాను. తారు, మట్టి, తుప్పు అన్నీ కలిసి లేచిపోయాయి. కింద ఇనుము అద్దంలా మెరిసింది. నాకు నేనే మురిసిపోయాను.

మర్నాడు కుడివైపు గుడ్డ తీసి తారు తుడిచాను. అక్కడ ఉత్త ఇనుము. నంబర్ లేదు. అంగుళం అటు, అంగుళం ఇటు, దూలం పొడవునా తుడిచాను. లేదు. అప్పుడు నిలబడి ఎడమవైపు చూశాను. మెరుస్తున్న ఆ ఇనుము మీద ఒక చివర, గోరుతో గీరినట్టు, ఒక అంకె అడుగుభాగం మిగిలి ఉంది.

ఆ బండి మిగతావాటికన్నా ముందు తయారైనది. అంత పాతవాటిలో నంబర్ ఎడమవైపు కొట్టేవాళ్లని తర్వాత తెలిసింది.

సరోజ టీ తెచ్చి నా మొహం చూసింది. “ఏమైందయ్యా? వేలు తెగిందా?”

“వేలు తెగినా బాగుండు,” అన్నాను.

కోదాడ పెట్టె

బాలుకు చెప్పాను. ముందు అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక బండి పక్కన నేల మీద కూర్చున్నాడు.

“ఇగ రిజిస్ట్రేషన్ కాదా అన్నా?”

“నంబర్ లేకపోతే కాదు.”

తనే దారి చెప్పాడు. “కోదాడల నంబర్లు కొట్టెటాయన ఉన్నడంట. ఆర్సీల ఉన్న నంబరే కదా. కొట్టిపిద్దాం. దొంగతనమా ఏంది, మన బండి నంబరే మన బండికి.”

నేను కాదనలేదు. ఆ సంగతి దాచను. ఆ మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించింది. పైగా తప్పు నాది, నష్టం అతనిది. ఇద్దరం బస్సెక్కి కోదాడ వెళ్లాం.

ఆ మనిషి చిన్న చెక్కపెట్టె తెరిచాడు. లోపల సున్నా నుంచి తొమ్మిది దాకా ఉక్కు అచ్చులు, ఒక్కోటి చిటికెనవేలంత. “పది నిమిషాల పనండీ. నేనే సూర్యాపేట వస్తాను. నంబర్ చెప్పండి,” అన్నాడు.

బాలు ఆర్సీ తీశాడు. ఏళ్ల తరబడి చొక్కా జేబులో చెమటకు నానిన కాగితం. మడత సరిగ్గా నంబర్ మీద పడింది. ఒక అంకె దగ్గర సిరా లేచిపోయింది.

“మూడా అది, ఎనిమిదా?” అన్నాను.

బాలు వెలుతురుకు పెట్టి చూశాడు. “ఎనిమిదే అనిపిస్తంది.”

“ఏదో ఒకటి కొట్టేద్దామండీ,” అన్నాడు పెట్టె మనిషి. “అంత నిక్కచ్చిగా చూసేవాళ్లు ఎవరున్నారు?”

వానలో గట్టు మీద నిలబడి రాసుకున్న నంబర్ గుర్తొచ్చింది. నా చొక్కా పట్టుకున్న తమ్ముడు గుర్తొచ్చాడు. కుడివైపే ఉంటుందని నేను ఎవరి దగ్గరా వినలేదు. నా అనుభవం చెబితే విన్నాను. అదీ వినడమే. చూడలేదు. ఇప్పుడు రెండోసారి చూడకుండా కొట్టించబోతున్నాను.

“పెట్టె మూసెయ్యండి,” అన్నాను.

బస్టాండు దాకా బాలు నా ముందు నడిచాడు. అక్కడ ఆగాడు.

“ఏం చేద్దామనుకుంటున్నవ్?”

“బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోయి, నేనే చెరిపిన్నని రాసిస్త.”

“రాసిచ్చి?”

“ఏమైతదో తెల్వదు.”

“నీకు తెల్వదు. నాకు తెలుసు. గాయన బండి పట్టుకపోతడు. నీ మనసు నిమ్మళమైతది. నా బండి తుక్కుల కలుస్తది.” బస్సు ఎక్కబోయి మళ్లీ తిరిగాడు. “నీ నిజాయితీకి మా నాయిన బండి బలియ్యాల్నా అన్నా?”

తప్పు చేసినవాడు ఒప్పుకోవడం తేలికే, ఆ ఒప్పుకోలుకు నష్టపోయేది ఇంకొకరు అయినప్పుడు. అందుకే మర్నాడు అతని ఇంటికి వెళ్లి, అతను సరేనంటేనే రాసిస్తానన్నాను. బాలు గోడకేసి చూశాడు. మంగ్లీ వాళ్ల భాషలో అతనితో ఏదో గట్టిగా అని, నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

“రేపు రోడ్డు మీద పోలీసోడు పట్టుకుంటే అప్పుడు ఆరిపోయేది నా పొయ్యి. ఇప్పుడే ఎటో ఒకటి తేలనియ్యి. రాసియ్యి అన్నా.”

బాలు నన్ను చూడకుండానే తల ఊపాడు.

నాలుగు వాక్యాలు

వార్త రాసినట్టే రాశాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ పనిముట్టుతో. నాలుగే వాక్యాలు. ‘పొరపాటున’ అనే మాట ఒకసారి రాసి కొట్టేశాను. అది చదివేవాళ్లు తేల్చాల్సిన మాట.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నాకన్నా చిన్నవాడు. రెండుసార్లు చదివాడు.

“మేస్త్రిగారూ, గిట్ల రాసిచ్చినోళ్లను నేను సూడలే. పాత ఆనవాళ్లు దొరక్కపోతే బండి ఖతం. మీ మీద కేసు గూడ కావొచ్చు. తెలుసు కదా?”

“తెలుసు.”

“ఆ జాగల ప్రైమర్ రంగు గిట్ల కొట్టిన్రా? వెల్డింగ్?”

“ఏమీ చేయలేదు. గ్రీజు పూసి గుడ్డ చుట్టిన.”

“మల్ల ముట్టకున్రి. ఇంజన్ నంబర్ చూస్త, పాత రికార్డు తీపిస్త. ఫోరెన్సిక్ ల్యాబుకు రాస్త.”

తర్వాత ఎదురుచూడటమే. బాలు రోజుకూలికి ట్రాక్టర్ నడిపాడు. రోజూ పొద్దున వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. నాతో మాట్లాడేవాడు కాదు. నేను మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నా సరోజతోనే చెప్పేవాడు.

“వదినా, అన్నకు చెప్పు, ఎనక టైర్ల గాలి దిగింది.”

“ఏమయ్యా, ఇన్నవా?” అనేది సరోజ నా వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ. నేను గాలి కొట్టేవాడిని.

నంబర్ ఉన్న చోటు తప్ప మిగతా బండి పని ఆపలేదు. తుక్కులో కలిసినా సరే, బాగుచేసిన బండిగానే కలవాలనుకున్నాను. బల్ల కట్టాను. చూరు కట్టాను. రేకు సొట్టలన్నీ సుత్తితోనే తీశాను. ఎక్కడా కాగితమంత కూడా పుట్టీ పెట్టలేదు.

దూది, యాసిడ్

దసరా దగ్గరపడింది. హైదరాబాద్ నుంచి ల్యాబు తరఫున ఒకామె వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. చేతిలో చిన్న సంచి. ఇన్‌స్పెక్టర్, బాలు, నేను దూలం పక్కన గొంతుక్కూర్చున్నాం. ఆమె గ్రీజు తుడిచి, సన్నటి ఎమెరీ కాగితంతో ఆ చోటు నున్నగా చేసింది. దూదిని యాసిడ్‌లో ముంచి, ఆగి ఆగి రుద్దడం మొదలుపెట్టింది.

చాలాసేపు ఏమీ లేదు. బాలు ఊపిరి నాకు వినిపిస్తోంది.

తర్వాత ఇనుము మీద నీడలాంటిది కనపడింది. ఆమె మళ్లీ రుద్దింది. నీడ వంపు తిరిగింది.

“ఆరు,” అన్నాడు బాలు. నెలన్నరలో నా పక్కన కూర్చుని అతను మాట్లాడిన మొదటి మాట. “ఒకటి. సున్న.”

ఒక్కో అంకె వస్తోంది, ఫోటో తీసేలోపే మసకబారుతోంది. మడతలో పోయిన అంకె దగ్గర ఆమె ఎక్కువసేపు రుద్దింది. పై వంపు వచ్చింది. కింది వంపు వచ్చింది. ఎడమవైపు మూసుకోలేదు.

మూడు.

ఇన్‌స్పెక్టర్ తన చేతిలోని రికార్డు చూశాడు. “మూడే.”

ఆమె చేతి తొడుగులు తీస్తూ నన్ను అడిగింది. “దీనిమీద మళ్లీ అచ్చు కొట్టించలేదు కదా?”

“లేదమ్మా.”

“మంచి పని చేశారు. అచ్చు కొట్టినప్పుడు కింద ఇనుము కూడా నలుగుతుంది. పైపొర పోయినా ఆ నలుగుడు లోపల ఉంటుంది కాబట్టి బయటికి తేగలిగాం. దానిమీద ఇంకో అచ్చు పడి ఉంటే అదీ పోయేది. ఇక ఎవరూ చదవలేరు.”

బాలు కోదాడ వైపు చూస్తున్నట్టు గేటు వైపు చూశాడు. నిజం చెప్పాలంటే ఈ సంగతి నాకు ముందు తెలియదు. తెలిసి మంచిపని చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను.

అనుమతి వచ్చాక, ఇన్‌స్పెక్టర్ ఎదుటే, రికార్డులోని నంబర్ మళ్లీ కొట్టారు. అయిపోయాక నేను పలక మీది పెన్సిలు తెంపి తెచ్చి బాలు చేతికిచ్చాను. కాగితం నేను పట్టుకున్నాను. అతను రుద్దాడు. మూడు దగ్గర కాస్త గట్టిగా రుద్దాడు.

ఈ పని నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మీ చేయి తిరగడం మొదలయ్యాకే ఎక్కువ జాగ్రత్త కావాలి. చేయి తిరగనివాడు పదిసార్లు చూస్తాడు. అన్నీ తెలిసినవాడే చూడడం మానేస్తాడు. నంబర్ కనపడలేదంటే కనపడేదాకా గ్రైండర్‌కు కరెంటు పెట్టకండి. తప్పు జరిగితే దాన్ని కప్పే ఏ పనీ చేయకండి. కప్పిన చోట దారి కూడా మూసుకుపోతుంది.

రిజిస్ట్రేషన్ అయ్యి, రొట్టెల బండి దసరాకు రెండు రోజుల ముందే బంకు దగ్గర నిలబడింది. బల్ల మీద, ఆ పెన్సిల్ ప్రింటును అద్దం కింద పెట్టి బిగించాడు బాలు. వచ్చినవాళ్లు అదేమిటని అడుగుతారు. నేను వారానికోసారి వెళ్లి ఆ మాట వింటూ తింటాను.

“మా బండి నంబర్. గీ అన్ననే చెరిపిండు,” అని అందరికీ వినపడేలా అంటాడు. తర్వాత రొట్టె తిప్పుతూ, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా, “మల్ల గీ అన్ననే తెచ్చిండు” అంటాడు.